మసక వైపు

"ఇది ఆడవాళ్ళ కోటు!"

మామగారి గొంతు వంటింటి దాకా వినిపించింది. దాని వెనకే అత్తగారి గొంతు.

"కోటుకి ఆడా మగా ఏమిటండీ? చేతులు రెండున్నాయి, మెడ ఒకటుంది. ఒంటికి పట్టింది. ఇంకేం కావాలి?"

"బొత్తాలు చూడు. ముందు బొత్తాలు ఎటువైపున్నాయో చూడు!"

కోడలు పొయ్యి తగ్గించి హాల్లోకి వచ్చింది. మామగారు అద్దం ముందు నిలబడి ఉన్నారు. ఒంటి మీద కొత్త బూడిదరంగు కోటు. అలవాటు కొద్దీ ఆయన కుడిచెయ్యి బొత్తాం కోసం వెతుకుతోంది. అక్కడ కాజా తగులుతోంది. బొత్తాలన్నీ ఎడమ పక్కకి వెళ్ళి కూర్చున్నాయి.

"గౌన్లు కుట్టేవాడికి కోటు ఇస్తే ఇంతకంటే ఏం కుడతాడు?" అన్నారాయన.

"సందు చివర ఉన్నాడు కదా, దగ్గర కదా అని ఇచ్చాను. రేపు మునిసిపాలిటీ వాళ్ళు మీ మాట వింటారా, మీ బొత్తాలు చూస్తారా?"

"వాళ్ళు చూడకపోతే నేను చూస్తాను. మనిషి మాట నిలబడాలంటే ముందు మనిషి సరిగ్గా నిలబడాలి."

"అయితే నాన్నగారూ, బొత్తాలు పెట్టుకోకుండా వెళ్ళండి," అన్నాడు కొడుకు పేపరు వెనక నుంచి. "గాలాడుతుంది. ఆ ఆఫీసులో ఫ్యాను కూడా తిరగదు."

మామగారు కొడుకు వైపు చూసిన చూపుకి పేపరు కాస్త పైకి లేచింది. మందుల షాపు నడిపే ఆ మనిషి ఇంట్లో ఏ గొడవకైనా ఒకటే మందు వేస్తాడు, హాస్యం. అది ఎప్పుడూ పని చెయ్యదు. అయినా మోతాదు తగ్గించడు.

"అమ్మాయీ." మామగారు ఆమె వైపు తిరగకుండానే, అద్దంలోనే చూస్తూ అడిగారు. "సాయంత్రంలోగా ఇవి మార్చగలవా?"

"కాజాలు మూసి ఇటువైపు కొత్తవి తెరవాలి మామయ్య గారూ. మచ్చ కనిపిస్తుంది."

"మచ్చ కనిపించినా పరవాలేదు. తప్పు కనిపించకూడదు."

కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించి ఆయన స్నానానికి వెళ్ళిపోయారు. వారం రోజుల్లో మామగారు ఆమెతో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి.

పోయిన ఆదివారం ఆమె నోరు తెరిచి ఒక్కటే అడిగింది. మిల్లు వీధి వెడల్పు చేస్తున్నారు. ఒక పక్క ఇళ్ళు మాత్రమే కొడతారు. ఏ పక్క కొట్టాలో రేపు విచారణలో తేలుతుంది. తూర్పు వరుసలో ఊరి మొదటి పఠన మందిరం ఉందని చరిత్ర సంఘం ఏనాడో రాతి పలక పెట్టింది. ఆ సంఘం కార్యదర్శిగా మామగారు రేపు వెళ్ళి ఆ మాట చెప్తే తూర్పు వరుస నిలుస్తుంది, పడమటి వరుస పడుతుంది. పడమటి వరుసలో ఆమె అన్నయ్య బైండింగు షాపు ఉంది. "పడమటి వరుస గురించి కూడా ఒక్క మాట చెప్పండి మామయ్య గారూ," అని అడిగింది.

"చరిత్రలో బంధుత్వాలుండవమ్మా," అన్నారాయన. అంతే. ఆ తర్వాత ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

*

చరిత్ర సంఘం అంటే పాత పోస్టాఫీసు మీద రెండు గదులు. మెట్లెక్కేసరికి కలరా ఉండల వాసన ఎదురొచ్చి పలకరిస్తుంది. ముందు గదిలో పొడుగాటి బల్ల, వెనక గదిలో బీరువాలు.

ఆ రోజు పేర్ల ఆదివారం. నెలకోసారి బల్ల మీద పాత ఫోటోలు పరుస్తారు. ఊళ్ళోని వయసు మళ్ళినవాళ్ళు వచ్చి, కళ్ళజోళ్ళు తుడుచుకుని, ఫోటోల్లోని మనుషులెవరో గుర్తుపట్టి చెప్తారు. చెప్పినంత మాత్రాన అయిపోదు. మామగారి నియమం ఒకటుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఒకే పేరు చెప్తేనే ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాస్తారు. ఒక్కరే చెప్తే దాన్ని చీటీ మీద రాసి, బల్ల చివర ఉన్న చెక్కపెట్టెలో వేస్తారు. దాని పేరు ఒంటిమాటల పెట్టె. అందులో పడ్డ చీటీ రెండో మాట దొరికేదాకా అక్కడే పడుంటుంది. కొన్ని చీటీలు చెప్పిన మనిషి పోయాక కూడా అలాగే ఉన్నాయి. ఊరంతా ఆయన్ని పెన్సిలు గారంటుంది. వెనకాల ఒంటిమాటాయన అని కూడా అంటుంది.

"ఈయన మొహం నేనెక్కడ చూశాను నాయనా?" అంటోంది టెలిఫోను బామ్మ, ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి. ఆవిడ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయింది. "ఒకసారి హలో అనమను. ఇంటిపేరుతో సహా చెప్పేస్తాను."

"ఫోటో హలో అనదు కదమ్మా."

"అయితే పెట్టెలో వేసుకో."

బల్ల చుట్టూ నవ్వులు. మామగారు కూడా నవ్వారు. ఈ గదిలో ఆయన వేరే మనిషి. ఇంట్లో ముడుచుకుని ఉండే నుదురు ఇక్కడ ఇస్త్రీ చేసినట్టుంటుంది. కోడలు అది చూస్తూ వెనక గదిలోకి వెళ్ళింది. చదువుకున్న చదువు వంటింట్లో తుప్పు పట్టకూడదని పెళ్ళయిన కొత్తలో ఆమెని ఇక్కడికి తీసుకొచ్చింది మామగారే. ఆ సంగతి ఆమె మర్చిపోలేదు. మర్చిపోగలిగితే ఈ వారం ఇంత కష్టంగా ఉండేది కాదు.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అన్నయ్య. చంకలో గోధుమరంగు కాగితం చుట్టిన పెద్ద అట్ట.

"చెల్లాయ్, ఆ చివర పట్టుకో. మూలల్లో బంక ఇంకా ఆరలేదు."

"నువ్వెందుకు మోసుకొచ్చావ్ అన్నయ్యా? కబురు చేస్తే నేనొచ్చేదాన్ని కదా."

"నా మెడకి తాడు నా చేతే పేనించారు. గట్టిగా ఉందో లేదో చూసి అప్పగించద్దూ?"

"అవేం మాటలు!"

"నవ్వవే, బాబూ. నవ్వకపోతే నేను ఏడవాలి." కాగితం విప్పాడు. రేపు విచారణలో చూపించటానికి పాత కాపీ నుంచి కిటికీ రెక్కంత పెద్దగా తీయించిన ఫోటో. అట్ట మీద ఒక్క ముడత లేదు, ఒక్క బుడగ లేదు. పని అప్పగిస్తే శత్రువు పనైనా అన్నయ్య అంత నీటుగానే చేస్తాడు.

"వదిన ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. గిన్నెలు సర్దుతుంది. సర్దినవి మళ్ళీ తీస్తుంది." విప్పిన కాగితాన్ని మడతపెట్టాడు. "సామాను ఎక్కడికైనా పట్టుకెళ్ళచ్చు చెల్లాయ్. ఆ కాగితాలు కోసే మిషనుంది చూడు, నాన్న నేల తవ్వి పాతించింది. పునాదితో పాటు లేస్తుంది తప్ప దాన్ని కదపలేం. అది లేకపోతే నేను జిగురు డబ్బా పట్టుకుని వీధి వీధీ తిరగాలి."

ఆమె అట్ట మూల బంక ఆరిందో లేదో వేలితో చూసింది.

"మీ మామగారిని మళ్ళీ అడగకు. ఒకసారి అడిగావని తెలిసినందుకే నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన అబద్ధం చెప్పట్లేదు కదా. ఉన్న మాటే చెప్తున్నాడు."

వెళ్ళిపోయాడు. ఆమె అట్టని గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది.

ఆ ఫోటో ఆమెకి కొత్త కాదు. పఠన మందిరం తెరిచిన రోజు తీసింది. స్తంభాల వసారా ఉన్న ఇల్లు. వసారా ముందు వరుసగా నిలబడిన పెద్దమనుషులు. గుమ్మం పైన బోర్డు, దాని మీద ఇంకా తొలగించని గుడ్డ. ఇంటికి ఎడమ పక్కగా, దూరంగా మిల్లు పొగగొట్టం. బోర్డు మీద గుడ్డ ఉంది కాబట్టి ఒక్క అక్షరం కూడా కనిపించదు. ఇల్లు ఏదో తేల్చింది పొగగొట్టమే. మిల్లు వీధిలో ఒకే మేస్త్రి కట్టిన జంట ఇళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి, అచ్చు గుద్దినట్టు. వీధిలో నిలబడి తూర్పు ఇంటిని చూస్తే పొగగొట్టం ఎడమ పక్కన కనిపిస్తుంది. పడమటి ఇంటిని చూస్తే కుడి పక్కన. ఫోటోలో ఎడమ పక్కన ఉంది కాబట్టి అది తూర్పు ఇల్లే. మామగారి పుస్తకంలో ఇది ఒక అధ్యాయం. రాతి పలక ఆ అధ్యాయం మీదే నిలబడింది.

ఇన్నాళ్ళూ ఆమె చూసింది అరచేతిలో పట్టే కాపీ. అందులో మనుషులు బియ్యపు గింజలంత ఉండేవాళ్ళు. ఇప్పుడు మీసాల కొసలు కనిపిస్తున్నాయి. గొలుసు గడియారాలు కనిపిస్తున్నాయి. కోట్ల బొత్తాలు కనిపిస్తున్నాయి.

పొద్దున్న అద్దం ముందు బొత్తాం కోసం తడుముకున్న చెయ్యి గుర్తొచ్చి ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి పెద్దమనిషి కోటు చూసింది. రెండో ఆయన కోటు చూసింది. మూడో ఆయనది చూసేసరికి నవ్వు పోయింది.

బొత్తాలన్నీ వాళ్ళ ఎడమ పక్కన ఉన్నాయి. ఒక్కరికి కాదు, వరుసలో అందరికీ. ఎడమ వైపు ఉండాల్సిన ఛాతీ మీది జేబు అందరికీ కుడి వైపు ఉంది.

ఊరి పెద్దమనుషులందరూ కూడబలుక్కుని ఆడవాళ్ళ కోట్లు తొడుక్కుని రారు. ఒక టైలరు తప్పు కుట్టచ్చు. ఊళ్ళోని టైలర్లందరూ ఒకే తప్పు కుట్టరు.

తిరగబడింది కోట్లు కాదు. ఫోటో.

ఆమె బీరువా తెరిచింది. గాజు పలకలు గాడులున్న చెక్కపెట్టెలో నిలువుగా ఉంటాయి. నూలు చేతితొడుగులు వేసుకుని ఆ ఫోటో పలకని బయటికి తీసింది. పాతకాలం నెగెటివ్ అంటే గాజు మీద పూత. ఒక వైపు మెరుస్తుంది, పూత ఉన్న వైపు మసకగా ఉంటుంది. ఎటు పట్టుకుని అచ్చు వెయ్యాలో ఆమెకి నేర్పింది అత్తగారే. "మసక వైపు కాగితానికి, మెరుపు వైపు నీ మొహానికి. తిరగబడితే లోకం తిరగబడుతుంది, గుర్తుంచుకో."

మెరుపు వైపు మొహానికి పెట్టుకుని, పలకని కిటికీ వెలుతురుకి ఎత్తింది.

నెగెటివ్‌లో పొగగొట్టం తెల్లగా మెరుస్తోంది. ఇంటికి కుడి పక్కన.

అంటే పఠన మందిరం తూర్పు ఇల్లు కాదు. పడమటి ఇల్లు. ఊళ్ళో మొట్టమొదటిసారి నలుగురు కూర్చుని పుస్తకం చదివిన ఆ వసారాలో ఇవాళ అన్నయ్య పుస్తకాలకి అట్టలు వేస్తున్నాడు.

ఒక్క క్షణం గుండె పూలబుట్టలా తేలిపోయింది. మరుక్షణం బండరాయిలా దిగబడింది. ఈ మాట చెప్పబోయేది ఎవరు? బైండింగు షాపాయన చెల్లెలు.

ముందు గదిలోంచి మామగారి గొంతు వినిపిస్తోంది. "ఇంకొకరు కూడా చెప్పనివ్వండి. ఒంటి మాట మాటే కాదు."

*

"ఎవరికైనా చెప్పావా?" ఇంటికొచ్చి గది తలుపు వేసి అంతా చెప్పాక భర్త అడిగిన మొదటి మాట ఇది.

"మీకే."

"మీ అన్నయ్యకి?"

"వాడు వెళ్ళాకే చూశాను."

అతను మంచం అంచున కూర్చున్నాడు. హాస్యం ఎక్కడా దొరకలేదు. "నిజమే అయ్యుంటుంది. నువ్వు చూసి చెప్పావంటే నిజమే. కానీ అది నీ నోట్లోంచి వస్తే నిజంలా ఉండదు. అన్న కొట్టు నిలబెట్టటానికి అల్లిందంటారు."

"అయితే మీరు చెప్పండి."

"నేనా? పెళ్ళాం మాట మోసుకొచ్చాడంటారు."

"అంటే ఈ ఇంట్లో ఎవరి నోరు ఖాళీగా ఉందో మీరే చెప్పండి!"

"మెల్లిగా." తలుపు వైపు చూశాడు. "ఇంకో సంగతి ఆలోచించావా? తూర్పు ఇంట్లో కంటి డాక్టరమ్మ ఉంది. అటు పక్క మాత్రం పొయ్యిలు వెలగట్లేదా? నీ మాట నిలబడితే ఆ వరుస పడుతుంది."

"ఆలోచించాను. అందుకే నాకు సంతోషంగా లేదు, భయంగా ఉంది. కానీ ఏ వరుస పడాలో మనం అబద్ధంతో తేల్చకూడదు కదండీ."

"నాన్నగారు అబద్ధం చెప్పట్లేదు."

"ఇవాళ్టిదాకా చెప్పట్లేదు. ఇవాళ నేను నోరు మూసుకుంటే రేపు చెప్పేది అబద్ధమే. ఆయన చేత చెప్పించింది నేనవుతాను."

అతను జుట్టులోకి వేళ్ళు పోనిచ్చుకున్నాడు. "ఆ పుస్తకం, ఆ రాతి పలక, ఆయన బతుకంతా అదేనే! రేపు నలుగురిలో ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

"నలుగురిలో వద్దనే ఇవాళ ఇంట్లో చెప్తానంటున్నాను."

"చెప్పు మరి," అన్నాడతను. "నేను కాదనను. అవుననమని మాత్రం అడగకు."

ఆమె అతని వైపు చూసింది. కాదనకపోవటం కూడా ఒక సాయమే అనుకునే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసింది. కొత్తగా కోపం తెచ్చుకుని లాభం లేదు.

*

వంటింట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. కత్తి పలక మీద టకటక ఒకే లయలో ఆడుతోంది. ఈవిడ ఒకప్పుడు స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, బక్కెట్ల మధ్య కూర్చుని సంఘం ఫోటోలన్నీ అచ్చు వేసిన మనిషి. కంటిచూపు తగ్గాక మానేసింది. ఇప్పుడు ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఏవో పిచ్చి పనులు," అని చేత్తో తోసేస్తుంది.

"అత్తయ్యా, రేపటి ఫోటో ఉంది కదా. దాన్ని అచ్చు వేసింది మీరే కదూ?"

కత్తి ఆగింది.

"అది ఆ రోజు..."

"ఆగు." అత్తగారు తల ఎత్తలేదు. "ఆ ఫోటో గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడకు."

"అది కాదత్తయ్యా, నేను చెప్పేది..."

"చెప్పద్దంటున్నానా! వినపడలేదా?" ఆవిడ అంత గట్టిగా అరవటం కోడలు ఎప్పుడూ వినలేదు. వెంటనే గొంతు దిగింది. "ఆ ఉప్పు డబ్బా ఇలా ఇవ్వు."

ఉప్పు డబ్బా ఇచ్చింది. ఆవిడ అందుకుంది. కళ్ళు కలపలేదు. కత్తి మళ్ళీ మొదలైంది, ఈసారి లయ తప్పి.

ఆఖరి గుమ్మం కూడా మూసుకుపోయిందనుకుంది కోడలు. పళ్ళాలు తీసుకుని హాల్లోకి నడిచింది. కుర్చీ మీద కోటు అలాగే వేలాడుతోంది.

*

పేర్ల ఆదివారం నాడు మామగారు భోజనానికి ఉల్లాసంగా కూర్చుంటారు. ఆ రోజూ అంతే.

"టెలిఫోను బామ్మ ఆఖరికి ఒక మొహం పట్టేసింది. చెవి చూసి! రిసీవరు పెట్టుకునే చెవి నేను మర్చిపోతానా అంది." తనే నవ్వారు. ఎవరూ నవ్వకపోవటం ఆయన గమనించలేదు. "అమ్మాయీ, అట్ట వచ్చిందా?"

"వచ్చింది మామయ్య గారూ."

"ఎలా ఉంది?"

భర్త గ్లాసులో నీళ్ళు పోసి ఆమె వైపు జరిపాడు. ఈ పూటకి అతని ధైర్యం అంతవరకే.

"తిరగబడి ఉంది," అంది.

చెప్పేసింది. బొత్తాలు, జేబులు, గాజు పలక, కుడి పక్కకి వచ్చిన పొగగొట్టం. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎక్కడా అన్నయ్య పేరెత్తలేదు. మామగారు మధ్యలో అడ్డు రాలేదు. ఎవరు ఏ మాట చెప్పినా చివరిదాకా వినటం ఆయన అలవాటు. చెయ్యి మాత్రం పళ్ళెంలో కదలటం మానేసింది.

"ఎవరు చూశారు?" అన్నారు ఆఖర్న.

"నేను."

"ఇంకెవరు?"

ఆయన కొడుకు వైపు చూశారు. కొడుకు పళ్ళెం వైపు చూశాడు.

"మీ అన్నయ్య సంఘానికి ఎప్పుడొచ్చాడు?"

"పొద్దున్న. అట్ట తెచ్చాడు."

"నువ్వు బొత్తాలు ఎప్పుడు చూశావు?"

"వాడు వెళ్ళాక."

"ఊఁ."

ఆ ఒక్క అక్షరానికి ఆమె చెవుల దాకా వేడెక్కింది. చెంపదెబ్బైనా అంత మండేది కాదు. "పలక బీరువాలోనే ఉంది మామయ్య గారూ. మీరే చూడండి. ఇప్పుడే వెళ్దాం పదండి."

"పలక ఏ పక్క నుంచి చూస్తే ఆ పక్క చెప్తుంది. పూత ఇప్పుడు పెచ్చులూడి, ఏ వైపు ఏదో నాకే తెలియకుండా ఉంది. ఇక బొత్తాలంటావా, ఆ కాలంలో ఎలా కుట్టేవారో మనమెవరం చూశాం?" ఆయన గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "ఒక్కరు చెప్పింది ఈ ఊళ్ళో ఎవరి విషయంలోనూ నేను రాయలేదు. కలెక్టరు చెప్పినా రాయలేదు. నా కోడలు చెప్పిందని రాస్తానా? ఒంటి మాట అమ్మాయీ. చీటీ రాసి పెట్టెలో వెయ్యి."

"పెట్టెలో వేస్తే రేపటితో ఆ ఇల్లు పోయినట్టే కదా!"

"రెండో మాట తీసుకురా. అప్పుడు చూద్దాం."

ఆయన మళ్ళీ ముద్ద కలిపారు. ఆ సంగతి అంతటితో అయిపోయినట్టే.

అత్తగారు చేతిలో గరిటెని గిన్నెలో పెట్టలేదు, బల్ల మీద పెట్టింది. కూర మరక గుడ్డలోకి ఇంకుతుంటే చూస్తూ అంది.

"రెండో మాట నాది."

"నీకేం తెలుసని?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అచ్చు వేసింది నేను." ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పూత అప్పుడే పెచ్చు లేస్తోంది. మసక వైపు కాగితానికి ఆనిస్తే బొమ్మంతా దానికే అతుక్కొచ్చేది. అందుకని తిరగేసి వేశాను, కావాలనే. ముందు ఒకటి దక్కనీ, తర్వాత దాన్నే తిప్పుకోవచ్చు అని. తలుపు సందులోంచి మీకు చెప్పాను కూడా. ఇది తిరగేసింది, పట్టుకెళ్ళకండి అని. మీరు విన్నారా? తడి కాగితం రెండు చేతుల్లో పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు, పొగగొట్టం ఎటుందో చూడాలని. చెప్పులు కూడా వేసుకోలేదు."

ఆవిడ బల్లగుడ్డ మీది కూర మరకని గోటితో గీకింది.

"సాయంత్రం మీరొచ్చేసరికి ఊరంతా తెలిసిపోయింది. అంతకుముందు మిమ్మల్ని చూసి నవ్విన వాళ్ళందరూ ఆ రోజు మన గుమ్మంలో నిలబడి మెచ్చుకున్నారు. మీ మొహం అలా వెలగటం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. నోరు రాలేదు. ఇల్లు అటుంటే ఏమిటి, ఇటుంటే ఏమిటి, ఎవరికి నష్టం అనుకున్నాను." ఆవిడ గరిటె తీసి గిన్నెలో పెట్టింది. "అప్పుడు ఏ ఇల్లూ కూలట్లేదు. ఇప్పుడు కూలుతోంది."

"అమ్మా..." అన్నాడు కొడుకు.

"నువ్వు తిను."

మామగారి మొహంలో రక్తం లేదు. అయినా ఏళ్ళ తరబడి బల్ల దగ్గర కూర్చుని మాటల్ని జల్లెడ పట్టిన అలవాటు ఆయన్ని వదల్లేదు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ నియమమే దొరికింది.

"మాట్లాడుకోని ఇద్దరు చెప్తేనే అది రెండు మాటలు," అన్నారు మెల్లిగా. "అమ్మాయి ఇంటికొచ్చినప్పటి నుంచీ వంటింట్లో మీరిద్దరే ఉన్నారు. ఇద్దరూ కలిసి వండింది రెండు మాటలు కాదు. ఒకటే."

"అందుకే దాని నోరు నొక్కేశాను." అత్తగారు కోడలి వైపు మొదటిసారి సూటిగా చూసింది. "ఫోటో అన్న ముక్క వినగానే దీనికి తెలిసిపోయిందని అర్థమైంది. చెప్పబోతే అరిచాను. అడగండి దాన్నే. ఉప్పు తప్ప నేనేం అడిగానో!"

కోడలి కళ్ళు చెమ్మగిల్లాయి. మూసుకుపోయిందనుకున్న గుమ్మం వెనక ఆ మనిషి గడియ పట్టుకుని నిలబడి ఉందని ఇప్పుడు తెలిసింది.

"ఉప్పే అడిగారు మామయ్య గారూ," అంది.

"రేపు విచారణకి నేనూ వస్తున్నాను," అంది అత్తగారు. "మీరు చెప్పేది మీరు చెప్పండి. దానికి నేను అడ్డు రాను. మీ తర్వాత నేను లేచి నాది చెప్తాను. మీ పక్కన కూర్చోమంటే పక్కన కూర్చుంటాను, వద్దంటే వెనక కూర్చుంటాను. రావడం మాత్రం వస్తాను."

ఆవిడ గరిటె తీసుకుని అందరికీ ఇంకాస్త కూర వడ్డించింది. మామగారి పళ్ళెంలో కూడా. ఆయన వద్దనలేదు, ముట్టుకోలేదు. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ గది వైపు నడుస్తూ, కుర్చీ దగ్గర ఆగారు. కోటు భుజం మీద లేని దుమ్ము దులిపారు.

"అమ్మాయీ. కాజాలు మూశావా?"

"లేదు మామయ్య గారూ. ఇప్పుడే కూర్చుంటాను."

ఆయన బొత్తాన్ని ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని, ఎక్కడో చూస్తూ నిలబడ్డారు.

"వద్దు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ."

గది తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఆ కోటు అలాగే తొడుక్కుని, తప్పు కనిపించినా సరేనని రేపు నలుగురిలో నిలబడతారనా, అసలు రేపు ఎక్కడికీ వెళ్ళరనా? అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.